నీరటి ఓదెలు విన్న సముద్రం

దయ్యాలను, మహిమలను నమ్మడం మా ఇంట్లో నామోషీ కింద లెక్క. ఊరి దొరలుగా మేముండే గడీలో వెనకవైపు గది గురించి పనివాళ్ళు ఏదో గుసగుసలాడుకుంటుంటే మా నాయన విని, తొమ్మిదేళ్ళ నన్ను ఒక మధ్యాహ్నమంతా అందులో ఒంటరిగా కూర్చోబెట్టారు. బయటికి వచ్చాక “ఏమన్న కనవడ్డదా?” అని అడిగారు. “గబ్బిలాలు” అన్నాను. ఆయన ఎంతో సంతోషించారు. నేను ఇప్పటికీ అలాంటివాడినే. కింద రాసింది మాత్రం నేను కళ్ళారా చూసింది.

మాది సిరిసిల్ల వైపు, వీర్నపల్లి అవతల ఒక ఊరు. నాయన పోయిన ఏడాదికి ఊళ్ళో అన్నలు, అంటే నక్సలైట్లు, ఎర్ర జెండాలు ఎత్తారు. మా పొలాల్లో ఎవరూ అడుగు పెట్టకూడదన్నారు, మా ఇంటికి ఎవరూ రాకూడదన్నారు. నేను, అమ్మ గడీకి తాళం వేసి కోరుట్లలో ఒక అద్దె ఇంట్లో చేరాం. పక్కింట్లో బీడీలు చుట్టేవాళ్ళు. మూడేళ్ళపాటు అమ్మ ఆ ఇంటి గడప దాటలేదు. ఆమె నవ్వగా కూడా నేను చూడలేదు.

ఊళ్ళో ఉన్నప్పుడు నేను నిజంగా మెచ్చుకున్న మనిషి ఒక్కడే, చెరువు నీరటి ఓదెలు. తూము తీయడం, మూయడం, ఏ మడికి ఎంత నీళ్ళో పంచడం అతని పని. వానాకాలం చెరువు నిండితే చెప్పులు లేకుండా కట్ట మీద నడిచేవాడు. నాలుగడుగులకోసారి కర్ర ఒక కొస నేలకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకునేవాడు. ఒకసారి నా ఎదుటే అలా ఆగి “ఇక్కడ తాగుతున్నది” అన్నాడు. పైకి చూస్తే గడ్డి తప్ప ఏమీ లేదు. నాయన తవ్వించారు. మూరెడు లోతున చెయ్యి దూరేంత బొరియ, అందులో నీళ్ళు పారుతున్నాయి. ఆ రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి గండి పడి ఊరి పొలాలన్నీ కొట్టుకుపోయేవి. అంత పని చేసి కూడా మా ఎదుట ఒక్కనాడు కూర్చున్నవాడు కాదు.

కోరుట్లకు వచ్చిన మూడో వేసవిలో అమ్మ ఒక మాట అడిగింది. సముద్రం చూడాలని, తను ఎవరో తెలియని చోట నాలుగు రోజులు ఉండాలని. నాతో చదువుకున్న కోస్తా మిత్రుడికి రాశాను. వాళ్ళ ఊరి ఒడ్డున రెండు ఇళ్ళు అద్దెకు దొరుకుతాయని ఫొటోలు పంపాడు. ఒకటి డాబా బంగళా, దాని గోడ దగ్గరే సముద్రం. రెండోది కొబ్బరిచెట్ల వెనక ఉప్పు పనివాళ్ళ పెంకుటిల్లు. సముద్రం ఏటేటా ఒడ్డును కోసుకుంటూ వస్తోందని, ఆలోచించుకొమ్మని రాశాడు.

నేను ఆలోచించలేదు. దొరసానిని పెంకుటింట్లో ఎలా ఉంచుతాను? పైగా మే నెల. మే నెలలో మా చెరువు నెర్రెలు బారి, నీళ్ళు మధ్య గుంటలోకి పోయేవి. సముద్రం కూడా ఆ నెలలో వెనక్కి తగ్గి ఉంటుందని లెక్కవేసుకున్నాను. నీళ్ళంటే చెరువే తెలిసినవాళ్ళం. బంగళాలో సముద్రానికి ఎదురుగా ఉన్న మూలగది మాకు ఉంచమని ఉత్తరం మొదలుపెట్టాను. శనివారం మధ్యాహ్నం. పైన తేదీ వేసిన ఆ సగం ఉత్తరం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

తలెత్తితే గుమ్మంలో ఓదెలు, చేతిలో కర్రతో.

అమ్మ గాభరాపడింది. “ఓదెలూ! గింత దూరం ఎట్లొచ్చినవురా? అన్నలు సూస్తే ఊకుంటరా?”

“సూస్తే సూస్తరు తియ్యి దొరసాని. జర సల్ల ఉంటె పొయ్యి, గొంతు ఎండిపోయింది.”

అమ్మ స్టీలు గ్లాసులో చల్ల తెచ్చింది. అతను గ్లాసును అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఊర్లె ఉన్నన్ని రోజులు దోసిట్ల పోస్తివి. నీకు గూడ అన్నలు మీటింగు పెట్టిన్రా ఏంది?”

అమ్మ పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే అతను నా ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు.

చల్ల తాగి, బల్ల మీది ఫొటోల వైపు వంగాడు. బంగళా ఫొటో మీద కర్ర కొస ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకున్నాడు.

“తాగుతున్నది” అన్నాడు.

“ఏంది తాగేది?” అన్నాను.

“గీ గోడ కింద. ఎండకాలం గదా అనుకోకు దొర. గిది మన చెరువు గాదు, దీనికి ఎండకాలం లేదు.”

ఆ లెక్క నేను ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా. నాకు ఒళ్ళు మండింది. “సముద్రం మొకమన్న సూసినవా నువ్వు?”

“సూడలె. నీళ్ళను సూసిన.”

గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు. బీడీలు చుట్టే పక్కింటామె “కర్ర పట్టుకోని పోయిండు, ఎవలా ముసలాయన?” అని ఆ సాయంత్రమే అడిగింది. కాబట్టి చూసింది మేమిద్దరమే కాదు.

“పెంకుటింటికే రాయి” అంది అమ్మ. పరువు సంగతి ఎత్తాను. “గడీ ఇడిసిపెట్టి వచ్చినోళ్ళకు పెంకుల కాడ పరువేంది కొడుకా? నాకు సముద్రం గావాలె. నువ్వు పానంతోని ఉండాలె” అంది.

పెంకుటింట్లోనే దిగాం. అమ్మ పొద్దున్నే వెళ్ళి మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడేది. ఎవరో జాలరావిడ “ఏ ఊరు పిన్నిగారూ?” అంటే “కోరుట్ల” అని ఊరుకుంది, అంతకుమించి చెప్పనక్కర్లేకపోవడం ఎంత హాయో మొహంలో కనిపించింది.

మూడో రోజు, పదిగంటల వేళ, ఆకాశంలో మబ్బు తునక లేదు. మేం కొబ్బరిచెట్ల కింద కూర్చుని చూస్తుండగానే బంగళా సముద్రం వైపు గోడ, అలసిన మనిషి కూర్చున్నట్టు కిందికి కూర్చుంది. దాని వెంట మూలగది మొత్తం నీళ్ళలోకి జారింది. రెండు నవారు మంచాలు కాసేపు తేలాయి. అదృష్టం, లోపల ఎవరూ లేరు. ఇంకో రెండేళ్ళు నిలుస్తుందనుకున్నానని బంగళా యజమానురాలు తల కొట్టుకుంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

వానలు పడ్డాక పనిమీద సిరిసిల్ల వెళితే బస్టాండులో మా ఊరి బడిపంతులు కలిశారు. ఓదెలు ధైర్యం గురించి చెప్పబోయాను. ఆయన తేదీ మళ్ళీ మళ్ళీ అడిగారు. ఆ శనివారం పోలీసులు ఊరి మగవాళ్ళందరినీ పొద్దున నుంచి పొద్దుగూకేదాకా బడి ముందు కూర్చోబెట్టారట. గంటకోసారి పేర్లు పిలిచారట. “ఓదెలు నా పక్కనే కూసున్నడు. పిలిచిన ప్రతిసారి పలికిండు. అందరం దూపకు సచ్చిపోతుంటే, నీళ్ళిస్తె గూడ నాకొద్దన్నడు” అన్నారు పంతులు.

ఇంటికి వచ్చి సగం ఉత్తరం మీది తేదీ చూసుకున్నాను. అదే శనివారం.

ఊరికి వెళ్ళగలిగే రోజులు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఓదెలు కట్ట మీదే ఉన్నాడు, బాగా వంగిపోయి. సూటిగా అడిగాను.

“కోరుట్లనా? నేను ఎన్నడు పోలె దొర.” మళ్ళీ తనే, “దొరసాని?” అన్నాడు.

“పోయింది. సముద్రం సూసినంక ఆరేండ్లు బతికింది.”

“దినాం సూసిందా, నీళ్ళల్ల నిలవడి?”

“దినాం.”

“గంతే గావాలె” అని, తూము వైపు నడిచాడు.

అబద్ధమాడే మనిషి కాదు. పంతులు కూడా కాదు. అమ్మ, నేను, పక్కింటామె చూసింది కూడా అబద్ధం కాదు. ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్నీ కొట్టివేయలేక ఇన్నేళ్ళు గడిపాను.

మా వంశంలో ఎవరూ నీరటికి దండం పెట్టలేదు. ఆ రోజు కట్ట మీద వెళ్ళిపోతున్న ఆయన వీపు చూస్తూ నేను రెండు చేతులూ జోడించాను. వచ్చినవాడికి పెట్టానో, రానివాడికి పెట్టానో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.