ఆధారం లేకుండా కొయ్యని జహీర్ అంకుల్

“పోనీలే బేటా, ఎవరు చూస్తరు?”

శనివారం సాయంత్రం ఐదు గంటలకు జహీర్ అంకుల్ నోట నేను విన్న మాట ఇది. పదేళ్ల మా అమ్మాయి మేధ అప్పుడే కొలిచి, “అంకుల్, కిటికీ ఫ్రేమ్ ఎలెవన్ పాయింట్ ఫోర్ మిల్లీమీటర్లే. మీరు ట్వెల్వ్ కోశారు” అంది. ఆయన ఆ బొమ్మ హెలికాప్టర్ ప్లాస్టిక్ ముక్కను ఒకసారి తిప్పి చూసి, అంటించెయ్యమన్నట్టు బల్ల మీద పెట్టేశారు. కొలత మీద నమ్మకం పోయిందని రెండు నెలల పనిని చెత్తబుట్టలో వేసిన మనిషి ఆయన. పిల్లలను తీసుకెళ్దామని వచ్చి, వాళ్ల చెప్పులు వెతుకుతున్నదాన్ని ఆయన ఇంటి గుమ్మంలోనే ఆగిపోయాను. ఏదో తేడాగా ఉంది అనుకున్నాను. పైకి మాత్రం ఏమీ అనలేదు.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకు ఆయన ఆసుపత్రిలో కన్నుమూశారు. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. ఆయనకు డెబ్బై ఒక్క ఏళ్లు. మన సంఘం పత్రికకు ఆయన గురించి రాయమని అడిగితే ఒప్పుకున్నాను గానీ, నాలుగు రోజులుగా పిల్లలు పడుకున్నాక కూర్చోవడం, రెండు వాక్యాలు రాసి కొట్టెయ్యడం, ఇదే పని. ఆయన భార్య సల్మా ఆంటీని అడిగాను, ఆ సాయంత్రం సంగతి కూడా రాయనా అని. “రాయి. నిజమే రాయి. అబద్ధం రాస్తే ఆయన లేసొచ్చి స్కేలు పెట్టి కొలుస్తడు” అన్నారు. ఆ మాట అంటూనే ఏడ్చారు.

మా పాసిర్ రిస్ పేటలో ఉండే తెలుగువాళ్లకు ఆయన హెలికాప్టర్ అంకుల్. మా ఫ్లాటుకు నాలుగు తలుపుల అవతల ఆయన ఇల్లు. హైదరాబాదులో పుట్టి, ఇరవై రెండో ఏట ఈ దేశానికి వచ్చి, హెలికాప్టర్లకు రేకు పని చేసే టెక్నీషియన్‌గా రిటైరయ్యారు. ఆ తర్వాతి ఏడేళ్లు ఒకే ఒక్క పని పెట్టుకున్నారు. తాను మొట్టమొదట చెయ్యి వేసిన హెలికాప్టర్‌ను, సముద్రంలో చిక్కుకున్నవాళ్లను పైకి లాగే రకాన్ని, ముప్పై రెండో వంతు సైజులో తయారుచెయ్యాలి. ఆ రకానికి కొట్లో దొరికే కిట్ లేదు. ప్రతి ముక్కా ప్లాస్టిక్ షీటు కోసి, ఇత్తడి తీగ వంచి, తన చేత్తో తానే పుట్టించుకోవాలి. “అసల్ హెలికాప్టర్ ఫ్యాక్టరీల కొన్ని నెలలల్ల తయారైతది. మా ఆయనది ఏడేండ్లాయె, ఇంగ తలుపు గూడ లేదు” అని ఆంటీ దెప్పేవారు. “తలుపు ఫొటో దొరకలే గదా బేగం” అని ఆయన జవాబు.

నిజంగానే ఆలస్యమంతా ఫొటోల దగ్గరే. కొయ్యడం ఆయనకు ఒక పూట పని. ఏ కొలతకు కొయ్యాలో తేల్చుకోవడానికి నెలలు పట్టేది. ఒకసారి తోక భాగానికి ఇంటర్నెట్‌లో నాలుగు డ్రాయింగులు దొరికాయి. నాలుగింటిలోనూ ఒకే కొలత. ఆ సంబరంలో ఆంటీ చేత షీర్ ఖుర్మా పాయసం చేయించి అందరికీ పంచారు. రెండు నెలలు కష్టపడి తోక పూర్తి చేశాక, ఒక మధ్యాహ్నం మేధ ఆ కాగితాలు పక్కపక్కన పరిచి, నాలుగింటిలోనూ ఒక చిన్న మూత లేదని కనిపెట్టింది. అసలు ఫొటోలో ఆ మూత ఉంది. అంకుల్ నాలుగు కాగితాలనూ ఒక్కొక్కటిగా ఫొటో పక్కన పెట్టి చూశారు. తర్వాత, “నాలుగు కాదు బేటా. ఒక్కటే. మిగిలినయి మూడూ దాన్ని చూసి గీసినయే. ఒకడు తప్పు జెప్తే, ముగ్గురు వాని మాటనే మళ్లీ జెప్పిన్రు” అన్నారు. తోకను అప్పటికప్పుడే విరిచేశారు. పగిలిన చప్పుడుకు మా ఆరేళ్ల వాడు, ఆర్య, బెదిరిపోయాడు.

మరి కొలత ఎలా? ఆయన పద్ధతి నాకిప్పటికీ వింతే. దూరం నుంచి, సరిగ్గా పక్కవాటుగా తీసిన ఫొటో కావాలి. దగ్గర నుంచి తీస్తే ముక్కు లావుగా, తోక సన్నగా వస్తుందట. ఆ ఫొటోలో చక్రం చూడాలి. టైరు సైజు టైరు మీదే రాసి ఉంటుంది కాబట్టి, అదొక్కటీ ఎవరూ కాదనలేని కొలత. దానితో మిగతావన్నీ లెక్క కట్టాలి. అయితే చక్రాన్ని నిలువునా కొలవకూడదు, అడ్డంగానే కొలవాలి. “మనిషి లెక్కనే బేటా, బరువు మోస్తే కిందికి కుంగుతది.”

మరొకసారి ఆయన తనతో తానే ఓడిపోవడం చూశాను. ఆరేళ్లు రోజూ ఎక్కి దిగిన హెలికాప్టర్ అది. లోపల పట్టుకునే కడ్డీ ఎడమవైపే ఉండేదని, కళ్లు మూసుకుని ఎడమ చెయ్యి చాచి మరీ చూపించారు. వారం తర్వాత ఆయన పాత స్నేహితుడొకరు పంపిన ఫొటోలో అది కుడివైపు ఉంది. నేనైతే ఫొటో తిరగబడిందని వాదించేదాన్ని. ఆయన ఫొటోలో లోపలి గోడ మీది అక్షరాలు చూసి, తిరగబడలేదని నిర్ధారించుకుని, “నా చెయ్యి అబద్ధం జెప్పింది” అని మాత్రం అన్నారు. ఆ రోజు ఆయన భోజనం సరిగా చెయ్యలేదని ఆంటీ చెప్పారు. మర్నాడు ఆ కడ్డీని కుడివైపే అంటించారు.

మొదట్లో నేను ఆయనతో పోట్లాటకే వెళ్లాను. రెండేళ్ల కిందట మేధ రెండు వేళ్లు జిగురుతో అతుక్కుపోయి ఇంటికొచ్చింది. “చిన్నపిల్ల అంకుల్, బ్లేడ్లు, మందుల వాసనలు...” అని నేను ఏకరువు పెడుతుంటే చివరిదాకా విని, “కోసే పని ఇయ్యనమ్మా. వెతికే పని ఇస్త. వెతకనీకి బ్లేడెందుకు?” అన్నారు. మాట నిలబెట్టుకున్నారు. ప్రతి శనివారం మధ్యాహ్నం మా బిల్డింగు కింద వాయిడ్ డెక్ అనే ఖాళీ జాగాలోని రాతి బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి ‘చోప్’ చేసి, అంటే చోటు పట్టుకుని, ఫొటోలు పరిచి, మా పిల్లలిద్దరినీ చెరో పక్క కూర్చోబెట్టుకునేవారు. చదరంగం ఆడే చైనా తాతలు ఆ బల్ల మాదని గొణిగితే, వాళ్లకూ ఒక ఫొటో ఇచ్చి “ఇందులో తప్పేంటో చెప్పండి” అని మలయ్ భాషలో అడిగేవారు. కాసేపటికి తాతలు చదరంగం మరిచిపోయేవారు.

ఇక నా సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఆ సాయంత్రం అర్థం కాదు. నాది కంగారు స్వభావం. పిల్లలు తుమ్మితే థర్మామీటరు తీస్తాను. నిరుడు రంజాన్ పండుగ భోజనంలో అంకుల్‌కు మిరపకాయ గొంతులో అడ్డం పడి దగ్గుతుంటే అంబులెన్స్‌కు ఫోన్ చేశాను. వాళ్లు స్ట్రెచర్‌తో వచ్చేసరికి ఆయన డబుల్ కా మీఠా తింటున్నారు. అప్పటినుంచి మా వరండాలో నా పేరు ‘నైన్ నైన్ ఫైవ్’, ఇక్కడి అంబులెన్స్ నంబరు. మావారు రవి కూడా అలాగే పిలుస్తారు. అందరికంటే ఎక్కువ ఏడిపించింది అంకులే.

అందుకే శనివారం ఐదింటికి నేను నోరు మూసుకున్నాను. ఆంటీ జురాంగ్ ఈస్ట్‌లో కూతురింటికి వెళ్లారు, ఆయన ఒక్కరే ఉన్నారు. అడిగితే నవ్వుతారు. అలసిపోయి ఉంటారు. పెద్దవయసు. ఇలా అనుకుంటూ పిల్లలను తీసుకొచ్చి, బియ్యం కడిగి, కుక్కర్ పెట్టాను. కానీ ‘ఎవరు చూస్తరు’ అన్న మాట చెవిలోంచి పోలేదు. “రవీ, ఒక్కసారి అంకుల్‌ని చూసొస్తా” అన్నాను. “మళ్లీ మొదలెట్టావా తల్లీ!” అన్నారాయన. గడియారం చూశాను. ఇరవై నిమిషాలు గడిచాయి. పరిగెత్తాను.

ఆయన అదే కుర్చీలో ఉన్నారు. నోరు ఒక పక్కకు జారింది. ఎడమ చెయ్యి ఒళ్లో పడి ఉంది. నేను ఫోన్ తియ్యడం చూసి, ముద్ద ముద్దగా, “మళ్ల పిలుస్తున్నవా?” అన్నారు. నవ్వబోయారు. ఆయన నాతో అన్న చివరి మాట అదే.

రవి అంబులెన్స్‌లో వెంట వెళ్లారు. నేను పిల్లలతో ఇంట్లో ఉండిపోయాను. అన్నం పెడితే మేధ ముట్టలేదు. పక్క వేశాక గోడవైపు తిరిగి, “మమ్మీ, మీరు రాకముందే అంకుల్ లెఫ్ట్ హ్యాండ్ నిద్రపోయిందన్నారు. పెన్సిల్ రెండుసార్లు పడిపోయింది. మమ్మీకి చెప్పకు, అంబులెన్స్ పిలుస్తది అని నవ్వారు. నేను ప్రామిస్ చేశాను. ఈజ్ హి గోయింగ్ టు బీ ఓకే?” అంది. “పడుకో, రేపు మాట్లాడుకుందాం” అన్నాను. దాని పక్క మీదనుంచి నేను లేవకముందే రవి ఫోన్ వచ్చింది. వంటింట్లోకి వెళ్లి మాట్లాడాను. తిరిగొచ్చేసరికి అది నిద్రపోయింది.

ఆ రాత్రంతా నా భయం ఒక్కటే. నిజం చెబితే, పదేళ్ల పిల్ల ఆ మాటను జన్మంతా మోస్తుంది. చెప్పకపోతే, ఊళ్లో లేరనో ఇంకేదో అంటే, మర్నాడు మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత ఖననం, వరండా అంతా జనం, ఎవరో ఒకరు చెప్పనే చెబుతారు. అప్పుడు నా అబద్ధం కూడా దాని నెత్తిన పడుతుంది. రవి తెల్లవారుజామున వచ్చి, “దానికి ఆ చెయ్యి సంగతి గుర్తు చెయ్యకు, అదే మరిచిపోతుంది” అన్నారు. మరిచిపోదని నాకు తెలుసు. మూత లేదని కనిపెట్టిన పిల్ల అది.

అంకుల్ ఇంట్లో పదహారు ఫైళ్ల నిండా ఫొటోలున్నాయి. ఏది నమ్మదగింది, ఏది కాదు, ఎందుకు కాదు అన్న వివేకం ఆయన తలలో ఉండేది. అది ఆయనతోనే పోయింది. మాకు పెద్దదిక్కుగా నిలిచి, తన తప్పును పిల్లల ముందు ఒప్పుకోవడం ఎంత సహజమో చూపించిన ఆ మనిషికి నమస్కరిస్తున్నాను. అటువంటివారు మా పిల్లలకు మళ్లీ దొరకరు.

ఆదివారం ఉదయం పిల్లలిద్దరినీ మంచం మీద కూర్చోబెట్టి చెప్పాను. “జహీర్ అంకుల్ రాత్రి చనిపోయారు. ఇంక రారు. మేధా, నువ్వు చెప్పకపోవడం నీ తప్పు కాదు. ఒక పెద్దాయన అడిగితే మాట ఇచ్చావు. అలాంటి మాట పిల్లల దగ్గర తీసుకోకూడదు. అది అంకుల్ చేసిన పొరపాటు. ఆయన చాలా మంచివారు, అయినా అది పొరపాటే. ఇంకొకటి విను. నేను ఐదింటికే గమనించాను. నవ్వుతారని సిగ్గుపడి ఇరవై నిమిషాలు ఊరుకున్నాను. అది నా పొరపాటు, నీది కాదు.”

“ముందే వచ్చుంటే బతికేవారా?” అని మేధ అడిగింది.

“తెలియదు. నాన్న డాక్టర్‌ని అడిగారు. ఆయన కూడా చెప్పలేమన్నారు.”

ఆర్య నా చీర కొంగు పట్టుకుని, “సో హూ కెన్ వి టెల్ నౌ?” అన్నాడు.

“నాకు. ఎవరు ‘అమ్మకు చెప్పకు’ అన్నా సరే, వెంటనే నాకు చెప్పండి. నేను కంగారు పడతాను. పడనివ్వండి.”