అందరూ తాగే డ్రమ్ము

అతిథి మర్యాద నాకు కొంచెం ఎక్కువ, బుద్ధి కొంచెం తక్కువ. పటాన్‌చెరు దగ్గర మా రిటైరైనవాళ్ళ కాలనీకి చలికాలం మాత్రమే వచ్చే మూర్తిగారికి మా వరండాలోని మంజీరా నీళ్ళ డ్రమ్ము చూపించి, "మీదే అనుకోండి" అన్నాను. బోరునీళ్ళు ఫ్యాక్టరీ వాసన కొట్టే మా వరస ఇళ్ళన్నిటికీ తాగడానికి అదే ఆధారం.

ఒక పొద్దున చూద్దును కదా, ఆయన కట్టుడు పళ్ళు అందులోనే ముంచి కడుగుతున్నారు!

"ఏంది సార్ గిది? గవి అందరం తాగే నీళ్ళు!" అని పక్కింటి యాదగిరి అరిచాడు.

"నా పళ్ళు శుభ్రమైనవేనయ్యా. నాలుగు నెలలుండి పోయేవాణ్ణి, సర్దుకోండి" అన్నారు మూర్తిగారు.

నేను ఆ నీళ్ళతోనే టీ పెట్టి ఆయనకిచ్చాను.

"బ్రహ్మాండం!" అన్నారు, రెండు గుక్కలు తాగి.

"డ్రమ్ములో నీళ్ళే సార్. అంతా మీ పళ్ళ చలవ" అన్నాను.

మూడో గుక్క ఆయన మింగనూ లేదు, ఉమ్మనూ లేదు.