చావని కణాలు

మద్రాసులో ఆ రోజుల్లో నేను రెండు అనుమానాల మధ్య బతికాను. ఇంట్లో మా అమ్మకి ఎదురింటామె మీద. లాబరేటరీలో పెద్ద డాక్టరుగారికి నా మీద.

అమ్మది పాత కథ. మా తమ్ముడు రాయపురం సందులో తప్పటడుగులు వేస్తుంటే ఎదురింటామె, "ఎంత బాగా నడస్తా ఉండాడో!" అని మురిసిపోయిందట. ఆ వారమే వాడికి జ్వరమొచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. ఆమె దిష్టే తగిలిందని అమ్మ తేల్చేసింది. అప్పట్నుంచి ఆ ఇంటికీ మా ఇంటికీ మాటల్లేవు.

లాబరేటరీలో కోతి మూత్రపిండపు కణాలను గాజు గొట్టాల్లో పెంచి, వాటి మీద పోలియో వైరస్ వేయడం నా పని. వేస్తే నాలుగు రోజుల్లో కణాలు ముడుచుకుని చావాలి. నా గొట్టాల్లో నిక్షేపంగా ఉన్నాయి. మళ్ళీ వేసినా అంతే.

"అసలు వైరస్ వేశావా, వేశానని చెప్తున్నావా?" అన్నారు డాక్టరుగారు. ఇంకోసారి ఇలాగే అయితే వేరే ఉద్యోగం చూసుకోమన్నారు.

నాకు ఒళ్ళు మండింది. పక్క బల్ల దగ్గర పనిచేసే అతను నా వైరస్ సీసాలో నీళ్ళు పోస్తున్నాడేమోనని సీసా పెట్టెకి తాళం వేసి, తాళంచెవి మెళ్ళో గొలుసుకి తగిలించుకు తిరిగాను. అయినా కణాలు చావలేదు.

అప్పుడు తట్టింది. కణాలకి ఆహారంగా వేసే గుర్రపు సీరం ఓడలో రాక, ఆ నెల మా రక్తం నుంచే సీరం తీసి వాడుతున్నాం. నా గొట్టాల్లో ఉన్నది నాదే. దాన్ని శుభ్రంగా కడిగేసి వైరస్ వేస్తే కణాలు చచ్చాయి. నా సీరం కలిపి వేస్తే బతికాయి.

డాక్టరుగారు మైక్రోస్కోపులో తనే చూసుకుని మెత్తబడ్డారు. "నీ తప్పేం లేదమ్మా. నీ రక్తం ఈ వైరస్‌ని ఆపుతోంది. చిన్నప్పుడు నీకు వచ్చి పోయుంటుంది."

"నాకు రాలేదు సార్. మా తమ్ముడికొచ్చింది."

"చాలామందికి మామూలు జ్వరంలా వచ్చి పోతుంది. ఇంట్లో ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకుంటుంది."

ఉద్యోగం నిలిచిందన్న సంతోషం బస్సెక్కేదాకా కూడా మిగల్లేదు. అప్పట్లో తమ్ముడి కంటే ముందు నాకే జ్వరంతో ఒళ్ళు కాలిన సంగతి గుర్తొచ్చింది. ఆ ఒంటితోనే వాణ్ణి చంకనేసుకుని తిరిగాను, నా కంచంలోంచే ముద్దలు పెట్టాను.

ఇల్లు చేరేసరికి ఎదురింటామె అరుగు మీద కూర్చుని ఉంది. "ఆయమ్మ ఆడ్నే ఉంది, తలుపు మూయవే" అంది అమ్మ. మూశాను. ఇన్నాళ్ళూ ఆమె ముఖం చూడటం ఇష్టంలేక మూసేదాన్ని. ఆ సాయంత్రం నా ముఖం ఆమెకి కనబడకూడదని మూశాను.