హెడ్‌లైట్లకు పూసిన పసుపు

ఆ రోజుల్లో నాకు కొత్త ఉద్యోగం, పాత కారు, ఆ రెంటికీ మించిన పొగరు ఒకేసారి వచ్చాయి. కొవ్వూరు నుంచి జంగారెడ్డిగూడెం వైపు పామాయిల్ తోటలు తిరిగే పని. కారేమో మావయ్య వాడి వాడి వదిలేసింది. శుక్రవారం శుక్రవారం అమ్మ బానెట్ మీద చిన్న బొట్టు పెట్టేది. నేను ఊరుకుంటానా? రెండు హెడ్‌లైట్ల అద్దాలకూ పసుపు దట్టంగా మెత్తి, మధ్యలో ఇంతేసి కుంకుమ బొట్లు పెట్టేవాణ్ణి. (భక్తి అనుకునేరు! కారు నాదని వీధివీధంతా తెలియాలని.)

మంచు కాలం వచ్చేసరికి తెల్లవారుజామున దారి కనబడటం మానేసింది. లైట్లు బాగుచేసే ఓ పెద్దాయన దగ్గరికి వెళ్లాను. అందరూ ఆయన్ని లైట్ల బాబాయి అనేవారు. వైర్లు గీకి బిగించి, బ్యాటరీ చూసి, "అన్నీ బానే ఉన్నాయండి. ఆ పసుపు కాస్త తుడిచేద్దామాండి?" అన్నారు.

"అమ్మ పూజ చేసిందండి, ముట్టుకోకండి! కొత్త బల్బులు వెయ్యండి చాలు," అని కసిరాను. ఆయన అలాగే వేశారు.

మర్నాడు మంచులో ఓ పాలాయన సైకిల్‌ను వెంట్రుకవాసిలో తప్పించాను. తిన్నగా బాబాయి షెడ్డుకు వెళ్లి, పక్కన టీ తాగుతున్న పదిమందీ వినేలా, "పాత బల్బులు అంటగట్టి ప్రాణాలు తీస్తారా? ఈయన దగ్గరికి ఎవరూ రాకండి!" అని అరిచాను. పాపం, ఆయన మొహం మాడిపోయింది. అక్కడ బాగుచేయించుకుందామని వచ్చినాయన తన స్కూటర్ని మెల్లగా వెనక్కి తోసుకుపోయాడు.

ఇంటికొచ్చి ఈ ఘనకార్యం చెబితే అమ్మ తడిగుడ్డ తెచ్చి అద్దాలు తుడిచింది. "ఇప్పుడు వెయ్యి." వేశాను. ఆ మంచులోనే ఎదురింటి గోడంతా వెలిగిపోయింది. "ఓరి నీ తెలివి తెల్లారా! నా పేరు చెప్పి పెద్దాయన్ని నలుగుర్లో తిడతావా? వెళ్లి ఆ నలుగుర్లోనే తప్పు ఒప్పుకుని రా."

వెళ్లాను. టీ కొట్టు దగ్గర మళ్లీ వాళ్లే. "లైట్లు బాగయ్యాయాండి?" అన్నారెవరో. నేను నోరు తెరిచేలోపే లైట్ల బాబాయి శుభ్రంగా ఉన్న అద్దాలకేసి ఓసారి చూసి, "వైరు లూజై ఉంటదండి. నేనే సరిగ్గా చూసుకోలేదు," అనేశారు.

అప్పుడైనా నిజం చెప్పొద్దూ? సిగ్గులేకుండా ఏమన్నానో తెలుసా? "పర్లేదులెండి!"

"చెప్పావా?" అంది అమ్మ, గుమ్మంలోనే. "చెప్పానమ్మా," అన్నాను. ఇప్పుడు నాకు జుట్టు నెరిసింది, అమ్మకు చూపు తగ్గింది. రోజూ పేపరు నేనే చదివి వినిపిస్తాను. ఇది మాత్రం వినిపించే ధైర్యం ఇంకా రాలేదు.