అక్క మాట్లాడని ఇరవై రెండు రోజులు

ఏటా ఎండాకాలం ముగిసే వేళకు ఒక పెద్ద ఫోన్ల కంపెనీ అమెరికాలో ఒక సభ పెడుతుంది. ఆ ఫోన్లకు ప్రోగ్రాములు రాసేవాళ్ళ కోసం పెట్టే సభ అది. నాకు ప్రోగ్రాములు రాయడం రాదు. చెన్నై దగ్గర కాట్టుపల్లి ఓడల యార్డులో కాంట్రాక్టు పని నాది. స్టోర్స్‌లో నిలబడి బోల్టులు, కేబుల్ చుట్టలు, వెల్డింగు రాడ్లు అడిగినవాళ్ళకు అందిస్తాను. అయినా ఆ సభకు నెల ముందు నుంచే నాకు పండగ మొదలయ్యేది. తిరువళ్ళూరు నుంచి యార్డుకు కంపెనీ బస్సులో పోయి రావడానికి పట్టే సమయమంతా ఫోన్లో ఒక గ్రూపుకు ఇచ్చేసేవాణ్ణి.

ఆ గ్రూపులో అందరూ నాలాంటి పిచ్చివాళ్ళే. కోయంబత్తూరులో బ్యాంకు ఉద్యోగి ఒకాయన, వేలూరులో పళ్ళ డాక్టరమ్మ, ఇంకా ఎవరెవరో. సభ ఆహ్వానపత్రం బయటికి రాగానే దాని మీద రంగులు చూసి ఒకరు, అక్షరాల వంపు చూసి ఒకరు, ఈసారి ఏమొస్తుందో చెప్పేవాళ్ళు. గుండ్రటి గీత ఉంటే ఫోను తెర మీద గుండ్రటి బొమ్మలు వస్తాయని పందెం. నేను ప్రతి ఏడూ ఒక జాబితా రాసి పెట్టేవాణ్ణి. ఒకటో రెండో నిజమైతే వారం రోజులు కాలరెగరేసేవాణ్ణి. నా భార్య నవ్వేది. "నీకు ఆ కంపెనీలో ఏమన్నా షేరుండాదా?" అనేది.

ఆ ఏడు నేను రాసిన జాబితా గురించే ఇదంతా.

మా అక్కది తిరుత్తణి. గుడి ఉన్న కొండ కింద, మెట్లదారి మొదట్లో అక్కాబావలకు పూజసామాను కొట్టు ఉంది. టెంకాయ, పువ్వులు, కర్పూరం పెట్టిన తట్టలు అమ్ముతారు. కొట్టు నడిచేది అక్క గొంతు మీద. చిత్తూరు బస్సు దిగినవాళ్ళను చూస్తే తెలుగు, అరక్కోణం వైపు నుంచి వచ్చినవాళ్ళను చూస్తే తమిళం. ముఖం చూసే పోల్చేది. "రాండమ్మా రాండి, చెప్పులు ఈడ ఇడిసిపెట్టండి, దుడ్డేం వద్దు, నేను చూసుకుంటా" అని పిలిస్తే ఆ పిలుపు దాటి పోవడం కష్టం. ఎవరి చెప్పులు ఎక్కడ పెట్టారో కూడా ఆమే అరిచి చెప్పేది.

ముందు ఆమె మాటలో 'ర' జారింది. తర్వాత 'ట', 'డ'. ఒక రోజు పొద్దున ఎవరో యాత్రికుడు పక్కనున్న వాడితో, ఈమె తాగి కూర్చున్నట్టుంది అన్నాడట. అది విని అక్క కొట్టు వెనక్కి పోయి చాలాసేపు రాలేదని బావ నాకు ఫోన్ చేసి చెప్పాడు. అప్పుడు చెన్నైకి తీసుకెళ్ళాము. పరీక్షలన్నీ అయ్యాక పెద్ద డాక్టరు నన్నూ బావనూ కూర్చోబెట్టి చెప్పాడు. నరాల జబ్బు. నాలుకను, గొంతును కదిలించే కండరాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి. మందు లేదు. మాట పోతుంది, ఆ తర్వాత మింగడం కష్టమవుతుంది.

అదే ఆస్పత్రిలో మాట నేర్పే మేడం ఒకామె ఉంది. ఆమె అక్కను పక్క గదిలో మాట్లాడించి, నన్ను పిలిచింది.

"ఈవిడ గొంతు దాచుకోవాలంటే ఇప్పుడే దాచుకోండి. ఇంట్లో ఎట్లా మాట్లాడుతుందో అట్లాగే రికార్డు చేయండి. రోజుకు పది మాటలైనా చాలు. మంచి ఫోను, నిశ్శబ్దంగా ఉండే గది అని చూస్తూ కూర్చోవద్దు. ఈ వారం ఉన్న గొంతు వచ్చే నెల ఉండదు."

సరేనన్నాను. నిజంగానే చేద్దామనుకున్నాను.

ఆ రాత్రి తిరువళ్ళూరు చేరేలోపు రైల్లోనే నా బుర్ర వేరే దారి పట్టింది. ఆ కంపెనీ ఫోన్లో అప్పటికే ఒక సదుపాయం ఉంది. అది చూపించిన వాక్యాలు మనం చదివితే, మన గొంతును పోలిన గొంతు తయారు చేస్తుంది. తర్వాత మనం ఏది టైప్ చేసినా ఆ గొంతుతోనే పలుకుతుంది. అయితే ఇంగ్లీషు లాంటి కొన్ని భాషలకే ఉంది, తెలుగుకు లేదు. సభకు ఇంకా నెల కూడా లేదు. ఈసారి తెలుగు వస్తే? అప్పుడు అక్క పది మాటలు కాదు, ఏ మాటైనా తన గొంతుతో అనగలదు. రేపు ఏం అనాలనిపించినా అనగలదు.

మర్నాడు బస్సులో కూర్చుని జాబితా రాశాను. రంగులు, బొమ్మలు, కెమెరా అని ఏవేవో రాసి, చివర్న 'ఇంటి గొంతు: తమిళం, తెలుగు' అని ఒక పంక్తి చేర్చాను. ఆ పేరు నేను పెట్టిందే. ఎందుకు రాస్తున్నానో గ్రూపులో ఎవరికీ చెప్పలేదు. అక్క జబ్బు గురించి ఒక్క మాట కూడా రాయలేదు. రాస్తే జాలిపడతారు. నాకు కావలసింది జాలి కాదు. ఎవరో ఒకరు 'అవును, వస్తుంది' అనాలి.

నాలుగు రోజులకు అన్నారు. ఇలాంటి వార్తలు చెప్పే వీడియో ఛానెల్ ఒకటి ఉంది, గ్రూపులో చాలామంది చూసేది. అందులో ఆ మనిషి చాలా నమ్మకంగా, లోపలి వాళ్ళ దగ్గర్నుంచి తెలిసిందంటూ, ఈసారి దక్షిణాది భాషలకు గొంతు సదుపాయం వస్తోందని, దాని పేరు 'ఇంటి గొంతు' అని చెప్పాడు.

నేను పెట్టిన పేరు అది. నాకు తెలియకపోలేదు. కానీ ఆ రోజు నా మనసు ఎట్లా పని చేసిందంటే, నా మాట అక్కడికి పోయిందని అనుకోలేదు. నేను ఊహించింది సరిగ్గా నిజమైందనుకున్నాను. యార్డులో రాడ్ల పెట్టె మీద కూర్చుని ఆ వీడియో మూడుసార్లు చూసి ఏడ్చాను.

ఆదివారం తిరుత్తణి పోయాను. అక్క అన్నం ముందు కూర్చుని చిన్న చిన్న ముద్దలు చేసుకుంటోంది. పక్కన కూర్చుని అంతా చెప్పాను.

"అక్కా, ఇంగ మూడు వారాలే. ఆ ఫోను వాక్యాలిస్తాది, నేను సదివి చెప్తే నువ్వు ఎనకనే అనాల. అప్పుటిదాకా గొంతు అలవకూడదు. మాట్లాడొద్దు. ఏం కావాలన్నా పలక మీద రాయి."

"నిచ్చంగా... వత్తాదా?" అంది. నిజంగా వస్తాదా అని.

"కండిప్పా వస్తాది," అన్నాను, తప్పకుండా అని తమిళంలో ఒట్టేసినట్టు.

బావకు నచ్చలేదు. "ఆ మేడం ఇప్పుడే రికార్డు చెయ్యమనింది గదా?" అన్నాడు.

"అది ఉత్త రికార్డు బావా. ఇది వేరే. రెండు ముక్కలు మాట్లాడితేనే అలిసిపోతా ఉండాది. ఆ ఓపిక దీనికి పెట్టుకోవాల."

అక్క నా మాటే విన్నది. నేను ఫోన్ల సంగతి తెలిసినవాణ్ణని ఆమెకు ఎప్పుడూ గర్వం. ఆ రోజు నుంచి నోరు మూసుకుంది. ఇరవై రెండు రోజులు.

పలక మీద తమిళ అక్షరాలతో తెలుగు రాసేది. మా ఇళ్ళలో మాట్లాడేది తెలుగైనా అందరం చదివింది తమిళ బడిలో. నేను తెలుగు రాయడం నేర్చుకున్నది పెళ్ళయ్యాక, నగరి పక్క నుంచి వచ్చిన నా భార్య దగ్గర. అక్క రాసింది ఒక్కోసారి బావకు అర్థమయ్యేది కాదు. తమిళంలో 'క'కూ 'గ'కూ ఒకటే అక్షరం. బావ ఒకటి చదివితే ఆమె తల అడ్డంగా ఊపేది, పలక తుడిచి మళ్ళీ రాసేది. కొట్టు ముందు జనం వచ్చి పోతూ ఉంటే చేతులు ఊపేది. కొందరు ఆగేవాళ్ళు, కొందరు పక్క కొట్టుకు పోయేవాళ్ళు. "ఇంట్లో రేడియో ఆపేసినట్టుండాది రా," అని బావ ఫోన్లో అన్నాడు. నేను దినాలు లెక్కబెట్టమన్నాను.

అక్కడ గ్రూపులో నేను వేరే మనిషినైపోయాను. ఎవరైనా ఆ వార్త నమ్మలేం అంటే తగువుకు పోయేవాణ్ణి. పళ్ళ డాక్టరమ్మ మెల్లగా అడిగింది, దీనికి ఇంకెక్కడైనా ఆధారం ఉందా అని. ఆమెను నోటికొచ్చినట్టు అన్నాను. నాకు ఆధారం వద్దు. ఆధారం అడిగేవాళ్ళు ఎదురుగా ఉండడమే వద్దు.

సభ మన టైము ప్రకారం రాత్రి మొదలవుతుంది. ఏటా మేలుకుని చూసేవాణ్ణి, ఆ ఏడు చూడలేకపోయాను. ఫోను బీరువాలో పెట్టి పడుకున్నాను. పొద్దున బస్సు ఎక్కి, మీంజూరు దాటాక తెరిచాను. గ్రూపంతా కొత్త రంగుల గురించి, గుండ్రటి బొమ్మల గురించి. కంపెనీ పేజీ తెరిచి భాషల పట్టిక వెతికాను. పైనుంచి కిందికి చదివాను. కింది నుంచి పైకి చదివాను. తెలుగు లేదు, తమిళమూ లేదు. పేజీ సగమే తెరుచుకుందేమోనని మూసి మళ్ళీ తెరిచాను. సిగ్నల్ బాగానే ఉంది.

ఆ ఛానెల్ మనిషికి రాశాను. దక్షిణాది భాషల సంగతి ఎవరు చెప్పారని అడిగాను. గంట తర్వాత జవాబొచ్చింది.

"సారీ బ్రదర్. ఒక తమిళ గ్రూపులో ఎవరో జాబితా పెడితే మావాళ్ళు తెచ్చిచ్చారు. పేరు కూడా పెట్టి రాశాడు, లోపలి మనిషేమో అనుకున్నాం. వచ్చే ఏడు వస్తుందిలే."

యార్డు గేటు దగ్గర అందరూ దిగారు. నేను దిగలేదు. డ్రైవరు వచ్చి భుజం తట్టి, "ఒళ్ళు బాగలేదా అన్నా?" అని అడిగాడు. తల ఊపాను. లీవు పెట్టి, దొరికిన బస్సులు పట్టుకుని తిరువళ్ళూరు వచ్చి, అక్కణ్ణుంచి లోకల్ రైల్లో తిరుత్తణి పోయాను. దారి పొడవునా ఒకటే అడుక్కున్నాను. ఇరవై రెండు రోజులు వాడలేదు కాబట్టి గొంతు అట్లాగే ఉండి ఉండాలని.

అక్క కొట్టు ముందు పూలు కడుతోంది. నన్ను చూడగానే ముఖం వెలిగింది. ఫోను కోసం నా చేతుల వైపు చూసింది.

"రాలేదక్కా," అన్నాను. "తెలుగు రాలేదు. ఆ మాట పుట్టించింది నేనే."

ఆమె నోరు తెరిచింది. ఏదో అనబోయింది. అన్నది, కానీ మాటలు విడివిడిగా రాలేదు. ముక్కులోంచి, ఒకదాన్నొకటి అంటుకుని, గాలితో కలిసి వచ్చాయి. ఆమెకే తెలిసిపోయింది. చేత్తో మెడ పట్టుకుని మళ్ళీ ప్రయత్నించింది. నాకు అర్థమైంది ఒక్కటే. 'పోనీ' అన్నట్టుంది.

బావ లోపలి నుంచి వచ్చాడు. నా మీద ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి.

"ఆమెకు మాట మిగిలిందే నాలుగు దినాలు. ఆ నాలుగు దినాలూ నోరు కట్టేసినావు గదరా! యాడ పెట్టినావు ఆ గొంతు? చూపించు!"

  అక్క లేచి బావ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. పలక తీసుకుని రాసి నా ముందు పెట్టింది. 'ఇప్పుడు తీయి'.

తీశాను. కొట్టు వెనక, టెంకాయ పీచు మధ్య, నా ఫోనుతోనే. 'రాండమ్మా' అని పదిసార్లు అంది. కూతురి పేరు పిలిచింది. బావను 'ఏమయ్యా' అంది. మధ్య మధ్య ఎంగిలి మింగలేక ఆగింది. సాయంత్రానికి ఒళ్ళంతా చెమట. ఇంటికి పోయి విన్నాను. అన్నిట్లోనూ పోల్చుకోగలిగిన మాటలు నాలుగు. అవి కూడా తెలిసినవాళ్ళకే తెలుస్తాయి.

ఆ తర్వాత వెతుకులాటలో పడ్డాను. అక్క ఎవరెవరికి వాయిస్ మెసేజీలు పంపిందో అందరినీ అడిగాను. బావ ఫోను నిండిపోయిందని అన్నీ ఎప్పుడో తీసేశాడు. పక్క ఊరు కే.జీ.కండిగైలో మా చిన్నమ్మ కొడుకు ఇంటి గృహప్రవేశం వీడియో ఉందంటే అక్కడికి పోయాను. రెండు గంటల వీడియో. వంటపందిరి చూపించేటప్పుడు, కెమెరాకు కనబడకుండా ఎక్కడినుంచో అక్క అరిచింది. "ఒరే, చారులో ఉప్పు చూసినారా ల్యాదా?" అంతే. వెంటనే మైకులో పాట మొదలై మింగేసింది.

ఇప్పుడు అక్క ఫోన్లో సిద్ధంగా ఉన్న వాక్యాలు నొక్కుతుంది. అది ఎవరో తెలియని ఆడమనిషి గొంతుతో, వార్తలు చదివినట్టు, 'దయచేసి నాకు నీళ్ళు ఇవ్వండి' అంటుంది. మా అక్క జన్మలో దయచేసి అన్న మనిషి కాదు. తెలుగు అక్షరాలు రాని ఆమెకు, పక్కనున్న బొమ్మ చూసి ఆ వాక్యాలు నొక్కడమే తేలిక. అన్నం మెత్తగా రుబ్బి పెడుతున్నారు. వచ్చే నెల పొట్టకు గొట్టం వేయాలన్నారు.

పోయిన వారం వంటపందిరి ముక్క ఆమెకు వినిపించాను. ఇన్నాళ్ళూ ధైర్యం చాలలేదు. ఫోను చెవికి ఆనించుకుని వింది. మళ్ళీ పెట్టమని వేలు చూపింది. నాలుగోసారి పెట్టబోతుంటే చిత్తూరు బస్సు వచ్చి ఆగింది, జనం దిగారు. అక్క ఫోను నా చేతిలో పెట్టేసి కొట్టు ముందుకు నడిచింది. వాళ్ళ వైపు చెయ్యి ఊపింది. ఇద్దరు ముగ్గురు చూసి, చూడనట్టు పక్క కొట్టు వైపు తిరిగారు. నేను పోయి ఆమె పక్కన నిలబడి, "రాండమ్మా, చెప్పులు ఈడ ఇడిసిపెట్టండి," అన్నాను. వాళ్ళకు వినబడినట్టు లేదు. ఇంకోసారి అన్నాను.