తెల్ల బండికి నేను చేసిన అన్యాయం

ఇవాళ పొద్దున కోయంబత్తూరు శివార్లలో ఒక కొత్త సెడాన్‌ను మలుపుల్లో తిప్పి తెచ్చి ఆపగానే కాలిన రబ్బరు వాసన గుప్పుమంది. పక్కనున్నవాళ్ళు ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం ఆకలేసినప్పుడు పోపు వాసన తగిలినంత హాయి. వెంటనే రామసామి మామ గుర్తుకొచ్చారు. కార్లు తోలి, వాటి బాగోగులు పత్రికకు రాయడం నా వృత్తి. ఆ పని నేర్పిందెవరని అడిగితే ఆయన పేరే చెబుతాను.

ఆయన సూలూరులో మా పక్కింటివారు. చుట్టరికం లేకపోయినా మామే. వయసులో ఉన్నప్పుడు రేసుల్లో బండ్లు తోలారు. తర్వాత నూలు మిల్లు చూసుకుంటూ, సాయంత్రాలు ఇంటి వెనక షెడ్డులో ఏదో ఒక ఇంజను విప్పుకుని కూర్చునేవారు. నేనూ అక్కడే చేరేదాన్ని. ఆడపిల్లకు ఈ నూనె మురికి ఎందుకని మా అమ్మ విసుక్కుంటే, "కడిగితే పోతాదిలే చెల్లీ, నేర్చుకోనీ" అని నవ్వేసేవారు.

నా మొదటి పోలిక వ్యాసానికి కంపెనీలు రెండు సెడాన్లు ఇచ్చాయి, తెల్లదొకటి, నీలందొకటి. రెండూ ఇంజను బలం వెనక చక్రాలకే అందే రకం. అలాంటి బండి మలుపులో ఎంత చక్కగా తిరుగుతుందో, మనం తొందరపడితే అంత సులువుగా వెనక భాగం పక్కకు జారుతుంది. ఏది రోడ్డును బాగా పట్టుకుంటుందో చూడడానికి బోడినాయకనూరు ఘాటు రోడ్డును ఎంచుకున్నాను. తెల్ల బండి ముందురోజే మా ఇంటికి వచ్చింది. నీలం బండిని మామ కోయంబత్తూరు నుంచి తిన్నగా తోలుకొచ్చారు. ఏలకుల తోటల జీపులకు దారి ఇస్తూ, అవే మలుపుల్లో రెండింటినీ మార్చి మార్చి తోలాం. తెల్లది ప్రతి మలుపులోనూ వెనక జారింది. కిందికి దిగి టీకొట్టు ముందు ఆపి, బెంచీ మీదే వ్యాసం ముగించేశాను. తెల్ల బండిని నమ్మకూడదు, కొంటే డబ్బు దండగ అని పెద్ద మొనగత్తెలా రాశాను. సాయంత్రంలోగా పంపాలి.

పంపబోతుంటే మామ కేకేశారు. ఆయన తెల్ల బండి వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, టైరు మీద అరచెయ్యి ఆనించి ఉన్నారు.

"ఇక్కడ చెయ్యి పెట్టు అమ్మణీ. నడుమ కాల్తుండాది. ఓరాలు సూడు, అంత వేడి లేదు. దీనికి కాత్తు ఎవరు కొట్టినారు?"

"నేనే మామా. నిన్న సూలూరులో. మన వ్యానుకు కొట్టినట్టే గాలి గట్టిగా కొట్టించినాను."

నూలు బేళ్ళు మోసే మా వ్యానుకు టైర్లు రాయిలా ఉండాలని నాన్న పట్టు. గాలి ఎంత గట్టిగా ఉంటే బండికి అంత మంచిదని మా మిల్లుల ఊళ్ళో అందరి నమ్మకం. ఆ అలవాటుతోనే కంపెనీ చెప్పిన కొలత చూడకుండా నింపించాను. టైరు ఉబ్బి, నడుమ భాగం మాత్రమే రోడ్డుకు ఆనుతోంది. జారక ఏం చేస్తుంది? ఆడలేక మద్దెల ఓడన్నట్టు రాశాను. సిగ్గేసింది గానీ, గడువు మీద భయం అంతకన్నా ఎక్కువగా ఉంది.

"ఒకట్రెండు మాటలు దిద్దేస్తాను మామా, టైం లేదు" అన్నాను.

ఆయనకు కోపం వచ్చింది. "దిద్దేదా? బండి చేసినోడు ఇక్కడ లేడు, నీకు బదులు చెప్పలేడు. లేనోడి మీద నేరం రాసేది రొంబ తప్పు. కాత్తు తగ్గించు. మళ్ళా ఎక్కుదాం."

టైర్లు చల్లారేదాకా ఆగి, గాలి సరిచేసి మళ్ళీ ఘాటు ఎక్కాం. తెల్ల బండి మలుపు మలుపుకూ ఒదిగి తిరిగింది. రెండింటిలో అదే మంచిదని తేలింది. వ్యాసం మరునాడు వెళ్ళింది, ఎడిటర్ చీవాట్లు పెట్టారు. ఆ చీవాట్లు తినిపించినందుకు ఈ రోజుకీ మామకు మనసులోనే దండం పెట్టుకుంటాను.

డెబ్బై ఎనిమిదేళ్ళు వచ్చినా ఆయన కారు తోలడం మానలేదు. తాళంచెవి ఇచ్చేయమని కూతురు పోరుతుంటే, ఒకరోజు నన్ను పిలిపించారు.

"దానికి భయం. నీకు ఇదే పని కదా అమ్మణీ. పక్కన కూచుని సూడు. బండికి రాసినట్టే నాకూ రాయి. నీవు వద్దంటే మానేస్తా."

ఆయన చేతులు స్టీరింగ్ మీద ఎప్పటిలాగే మెత్తగా కదిలాయి. మలుపుకు ముందే వేగం తగ్గించారు. నా మనసు కుదుటపడుతుండగా ఎడమ సందులోంచి ఒక అమ్మాయి సైకిలు మీద వచ్చింది. నేను "మామా!" అని అరిచేదాకా ఆయన ఆమెను చూడనే లేదు. కారు ఆమెకు జానెడు దూరంలో ఆగింది. ఆ పిల్ల మమ్మల్ని తిట్టుకుంటూ వెళ్ళిపోయింది. బాగానే తోలారని ఒక్క అబద్ధం చెబితే ఆయనకు కారు మిగులుతుంది. నిజం చెబితే ఆయన ప్రాణం పెట్టుకున్నదాన్ని నేనే లాక్కున్నట్టు.

"చేతులు బాగుండాయి మామా. ఎడమ పక్కకు చూపే అందలేదు. ఇంక మీరు తోలకూడదు."

ఆయన ఇంజను ఆపారు. తర్వాత దిగి, చుట్టూ తిరిగి వచ్చి నా వైపు తలుపు తీశారు. "సరిగ్గా సెప్పినావు. దిగు, నీవు తోలు" అన్నారు. దారంతా ఏడుస్తూనే తోలాను. ఆయన మాత్రం ఇల్లు చేరగానే కూతురి చేతిలో తాళంచెవి పెట్టి కాఫీ అడిగారు.

ఆయన పోయి కొన్నేళ్ళయింది. ఒక బండి బాగాలేదని రాయవలసి వచ్చినప్పుడల్లా, దాన్ని చేసినవాడు నా పక్క సీట్లో కూర్చుని ఉన్నాడనుకుంటాను. అతని ముఖం చూసి చెప్పలేని మాటైతే కొట్టేస్తాను. చెప్పగలిగిన మాటైతే, చెప్పేటప్పుడు నాకు ఏడుపొచ్చినా సరే, ఉంచేస్తాను.