ముందుగా చెప్పిన సాక్ష్యం

నేను నా కూతుర్ని కొట్టేదాన్ని. చేతికి ఏది అందితే దానితో కొట్టేదాన్ని: చపాతీ కర్ర, ఛార్జర్ వైరు, ఒకసారి మెలిపెట్టిన తడి తువ్వాలు. లెక్క తప్పు చేస్తే, పాలు ఒలకబోస్తే, నేను ఆఫీసు కాల్‌లో ఉండగా తలుపు తీస్తే. వీపు మీద వాతలు తేలాక గదిలోకి వెళ్లి మోకరించి ఏడ్చేదాన్ని. క్షమించమని దేవుణ్ణి అడిగేదాన్ని, పిల్లను అడిగేదాన్ని కాదు.

మణికొండలో మా అపార్ట్‌మెంట్‌కు దగ్గర్లో ఒక ఫంక్షన్ హాల్లో మా క్రైస్తవ సంఘం కూడుకుంటుంది. ఉద్యోగాల కోసం వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ కాబట్టి ఉదయం ఆరాధన ఇంగ్లీషులోనే. పాపం నుంచి ఇంకా అందని విడుదలను కూడా అందినట్టే నోటితో ఒప్పుకోవాలని మాకు నేర్పారు. ఆ బోధ తప్పని ఇప్పటికీ అనను. నేను దాన్ని వాడుకున్న తీరు తప్పు. ఒక ఆదివారం సాక్ష్యం చెప్పడానికి లేచి మైకు అందుకుని, "ఐ యూస్డ్ టు బీట్ మై డాటర్" అన్నాను. ఒకప్పుడు అలవాటుగా ఉండి ఇప్పుడు లేనిదాన్ని ఇంగ్లీషులో అలా చెబుతారు. హాలంతా చప్పట్లు. పిల్ల నా పక్కనే కూర్చుంది. దాన్ని కొట్టి అప్పటికి మూడు రోజులే అయింది.

మరుసటి సాయంత్రం అది ఇంగ్లీషు హోంవర్కు ముందేసుకుంది. ఇంట్లోవాళ్లు ఒకప్పుడు చేసి, తర్వాత మానేసిన పనుల గురించి ఐదు వాక్యాలు రాయాలి.

"డాడీ గురక పెట్టేటోడు అని రాయి," అన్నాను.

"ఇంకా పెడ్తనే ఉన్నడు కద మమ్మీ! నిన్న పక్కింటి కుక్క గూడ మొరిగింది," అని నవ్వింది.

డాడీ సిగరెట్ల గురించి, నానమ్మ నశ్యం గురించి రాసింది. నాలుగు పూర్తయ్యాయి.

"ఐదోది నా గురించి రాయి. కొట్టేది అని రాయి."

పెన్ను ఆగింది. "వేరేది రాస్త."

"ఎందుకు? నిన్న సంఘంలో నేను చెప్పింది ఇన్లేదా?"

"ఇన్న."

"మరి రాయి."

"మానేసినవే రాయాలంట మమ్మీ."

బల్ల మీద స్టీలు స్కేలు ఉంది. దాన్ని ఎప్పుడు తీశానో గుర్తులేదని రాస్తే అబద్ధమవుతుంది. గుర్తుంది. దాని చల్లదనం కూడా గుర్తుంది. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది, అది చేయి అడ్డం పెడితే, వేళ్ల మీద పడింది. మూడోసారి స్కేలు అంచు కనుబొమ్మ పైన దిగింది. చర్మం చీలింది. రక్తం కంట్లోకి, అక్కడి నుంచి ముక్కు పక్కగా పెదాల మీదికి కారింది. అది అరవలేదు. అరిస్తే ఇంకా పడతాయని దానికి తెలుసు.

దవాఖానలో డాక్టరమ్మ గాయం తుడుస్తూ, "ఎట్ల తాకింది బిడ్డా?" అని అడిగింది.

"మెట్ల మీద పడ్డ ఆంటీ. మమ్మీ అప్పుడు స్నానం చేస్తుండె."

నేను నోరు తెరిచేలోపే చెప్పేసింది. తడబాటు లేదు. పదకొండేళ్ల పిల్ల, ఆదివారం మైకులో నేను మాట్లాడినంత సాఫీగా, నా కోసం అబద్ధపు సాక్ష్యం చెబుతోంది. చిన్నవాళ్లను పాపంలోకి నడిపించేవాళ్ల గురించి లేఖనం ఎంత కఠినంగా ఉంటుందో నాకు తెలుసు. ఆదివారం బడిలో పిల్లలకు నేనే చెప్పాను.

"నేనే కొట్టిన మేడం," అన్నాను. "స్కేలుతోని."

ఆమె నా వైపు చూడలేదు. చీటీలో అదే రాసి, సూది తీసుకుంది. మొదటి కుట్టు వేస్తూ అడిగింది: "మళ్ల కొడ్తవా?"

ప్రభువు విడిపించాడని చెప్పడం నా నాలుకకు ఎప్పటి నుంచో అలవాటు.

"తెల్వది," అన్నాను.

పిల్ల తల తిప్పి నన్ను చూసింది. "కదలకు బిడ్డా," అంది డాక్టరమ్మ.

తర్వాతి ఆదివారం మైకు అడిగి నా సాక్ష్యాన్ని వెనక్కి తీసుకున్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కానీ కుట్లు వేయించిన ఆ సాయంత్రం నాకు సంఘం గుర్తుకు రాలేదు. దవాఖాన బయట నిలబడి, మదీనాగూడలో ఉండే మా చెల్లెలికి ఫోన్ చేశాను. జరిగింది చెప్పి, పిల్లను కొన్నాళ్లు ఉంచుకోమన్నాను.

"నువ్వు కొడ్తవని నాకు తెల్వదనుకున్నవా అక్కా? తోల్కరా. దించి నువ్వు వెళ్లిపో," అంది.

స్కూటీ మీద బయల్దేరాం. పిల్ల నా నడుం పట్టుకోలేదు. వెనక ఉన్న కడ్డీని రెండు చేతులతో పట్టుకుని, నాకు తగలకుండా వెనక్కి జరిగి కూర్చుంది. నన్ను పట్టుకోమని నేను అనలేదు. గుంత వచ్చిన ప్రతిచోటా బండి నెమ్మదిగా పోనిచ్చాను.